కిటికీలోంచి పిలిచే పేరు

అలబామా రాష్ట్రంలో హస్కిన్స్ కౌంటీకి ముఖ్యపట్టణం ఆర్డిస్. అది ముఖ్యపట్టణం ఎలా అయిందో ఊళ్లో ఎవరిని అడిగినా సిగ్గుపడకుండా చెబుతారు. 1869లో ఒక ఆదివారం ఉదయం, పక్క ఊరు కోల్టన్ ఫెర్రీ జనమంతా చర్చిలో పాటలు పాడుకుంటున్న సమయం చూసి, ఆర్డిస్ పెద్దమనుషులు పదకొండుమంది రెండు ఎడ్లబళ్లు కట్టుకుని వెళ్లి, అక్కడి కోర్టులో ఉన్న దస్తావేజులన్నీ ఎత్తుకొచ్చేశారు. కాగితాలు ఎక్కడుంటే కోర్టు అక్కడే అని అప్పట్లో లెక్క. కోల్టన్ ఫెర్రీ వాళ్లు ఆఖరి పాట ముగించి బయటికొచ్చేసరికి వాళ్లది మామూలు ఊరైపోయింది. ఆ పదకొండుమంది పేర్లనూ కోర్టు ముందు రాతిపలక మీద చెక్కించి, పైన లాటిన్‌లో ఏదో గొప్ప మాట రాయించారు. ఆ లాటిన్ చదవగలిగినవాడు ఊళ్లో ఎవడూ లేడు కాబట్టి అభ్యంతరం రాలేదు.

కాగితాల పుణ్యాన బతికిన ఊరు గనక, ఒకసారి కాగితం మీదికెక్కినదాన్ని కొట్టేయాలంటే ఆర్డిస్‌కి చేతులాడవు. కోర్టు మెట్లకు పందుల్ని కట్టేయరాదని 1912లో చేసిన తీర్మానం ఇప్పటికీ అమల్లో ఉంది. అలాగే 1931 సెప్టెంబరు సెషన్ మొదటిరోజున అప్పటి జడ్జి రాయించిన ఉత్తర్వు కూడా. "ముద్దాయి లూషస్ ఎంబ్రీ, నల్లజాతి రైతు, ఏసా క్రెన్షా గారి కంచరగాడిదను దొంగిలించిన నేరంపై హాజరు కానందున, అతడు హాజరై పలికేవరకు ప్రతి సెషన్ మొదటి ఉదయాన, అన్ని కేసులకంటే ముందు, అతని పేరు పిలవవలెను." ఆ జడ్జి మూడేళ్లకి పోయాడు. ఉత్తర్వు పోలేదు.

సెషన్లు ఏడాదికి రెండు. మార్చిలో ఒకటి, సెప్టెంబరులో ఒకటి. రెండో సోమవారం పదింటికి కోర్టు బంట్రోతు పై అంతస్తు కిటికీ పైకెత్తి, కింద కోర్టు ముందున్న చదరపు మైదానంలో జనానికి వినబడేలా మూడుసార్లు లూషస్ ఎంబ్రీని పిలుస్తాడు. మిగతా కేసులకి లోపల మైకు వచ్చింది, ఏసీ వచ్చింది, కిటికీలన్నిటికీ రంగు వేసి బిగించేశారు. ఆ ఒక్క కిటికీ మాత్రం లూషస్ కోసం తెరుచుకునేలా ఉంచారు. 1974లో దుకాణదారులంతా కలిసి సెప్టెంబరు పిలుపు చుట్టూ ఒక పండుగ పెట్టుకున్నారు. దాని పేరు కంచరగాడిద పండుగ. ఊరేగింపు ఉంటుంది, ఉడకబెట్టిన వేరుశనగకాయలు ఉంటాయి, 'లూషస్, ఎక్కడున్నావ్?' అని రాసిన టీషర్టులు అమ్ముతారు. పిల్లల్లో బంట్రోతులా బాగా పిలిచినవాళ్లకి ఒక కేకు ఇస్తారు.

1996లో ఆ కిటికీ వెర్లీన్ గేన్స్ చేతికొచ్చింది. వెర్లీన్ లూషస్ ఎంబ్రీ కూతురి కూతురు. ఇరవైమూడేళ్లు బడి బస్సు నడిపింది, మాసిడోనియా చర్చిలో పాడుతుంది. ఆమె నోరు తెరిస్తే బస్సులో అరవైమంది పిల్లలూ ఒక్కసారిగా కూర్చునేవారు. కౌంటీ చరిత్రలో బంట్రోతు ఉద్యోగం చేసిన మొదటి నల్లజాతి మనిషి ఆమే. ఆ ఉద్యోగం ఎందుకమ్మా నీకు, ఆ పిలుపు ఉందిగా, అని చర్చిలో అందరూ అడిగారు. పిలుపు ఉంది కాబట్టే అని ఆమె ఎవరికీ చెప్పలేదు. బయట నిలబడి దాన్ని ఎవరూ ఆపలేకపోయారు, లోపలికెళ్తే దారేదైనా దొరుకుతుందేమో అని ఆమె ఆశ.

పాత బంట్రోతు హోయ్ట్ సైజ్‌మోర్ పదవీ విరమణకి ముందు ఆమెకి పని నేర్పాడు. తెల్లాయన, డెబ్బై దాటింది.

"గొంతుతో అరవకు వెర్లీనమ్మా, కడుపులోంచి లాగు. మొదటిసారి మర్యాదగా పిలవాలి. రెండోసారి గుర్తుచేసినట్టు. మూడోసారి ఇక నీ ఖర్మ అన్నట్టు."

"అలాగేనండీ హోయ్ట్ గారూ."

"నలభై ఒక్క ఏళ్లు పిలిచాను మీ తాతని. నా సొంత పిల్లల్ని కూడా అన్నిసార్లు పిలిచుండను. ఆయన మీద నాకేం కోపం లేదు తెలుసా."

"ఆయనకీ మీ మీద ఉండదులెండి. వినబడితే కదా," అంది వెర్లీన్.

ఆ మార్చిలో ఆమె మొదటిసారి పిలిచింది. కడుపులోంచే లాగింది. కింద చదరంలో చప్పట్లు కొట్టారు. ఏసా క్రెన్షా మనవడు టల్లీ క్రెన్షా, ఇనుప సామాన్ల కొట్టు ఆసామి, పండుగ కమిటీ అధ్యక్షుడు, మెట్లెక్కి వచ్చి మరీ మెచ్చుకున్నాడు.

"ఇంత చక్కగా ఇప్పటిదాకా ఎవరూ పిలవలేదండీ వెర్లీన్ గారూ. ఎంతైనా ఇంటి మనిషి పిలిస్తే ఆ అందమే వేరు."

టల్లీ మంచివాడు. ప్రతి క్రిస్మస్‌కీ వెర్లీన్ ఇంటికి పంది తొడ పంపుతాడు. ఆ ఊళ్లో అందరూ మంచివాళ్లే, దాంతోనే వచ్చింది చిక్కంతా. చెడ్డవాడైతే ఎదురుతిరిగి ఒక మాట అనొచ్చు. కేకు చేతిలో పెట్టి నవ్వేవాణ్ణి ఏమంటాం?

వెర్లీన్ తల్లి ఓరా లీ ఇల్లు కోర్టుకి నాలుగు వీధుల అవతల, నల్లజాతి వాళ్లుండే గట్టు మీద. గాలి అటు తిరిగితే పిలుపు నేరుగా వంటింట్లోకే వస్తుంది. అందుకని ఓరా లీ ఏడేళ్ల పిల్లగా ఉన్నప్పటినుంచి, సెషన్ మొదటిరోజున ఇంటి కిటికీలన్నీ మూసేసుకుంటుంది. సెప్టెంబరు ఎండలో లోపల ఉడికిపోతున్నా సరే మూసేస్తుంది. మొదటిసారి పిలిచిన ఆ సాయంత్రం వెర్లీన్ వెళ్లేసరికి తల్లి పొయ్యి దగ్గర ఆకుకూర కలుపుతోంది. కిటికీలు ఇంకా తీయలేదు.

"మూసినా వినబడ్డావే," అంది ఓరా లీ.

"ఏం చేయనమ్మా, ఉద్యోగం అది."

"నిన్ను తప్పుపట్టట్లేదు. హోయ్ట్ పిలిస్తే పరాయివాడెవడో తిడుతున్నాడు అనుకునేదాన్ని. నీ గొంతేమో అచ్చం మా నాన్న గొంతే. ఆయన్ని ఆయనే దొంగా అని పిలుచుకున్నట్టుంది." గరిటె పక్కన పెట్టింది. "నేను పోయేలోపు ఆ పేరు ఆ కిటికీలోంచి దిగాలి వెర్లీన్. నాకింకేం వద్దు. అదొక్కటి చూసి పోతాను."

కంచరగాడిద సంగతి గట్టు మీద అందరికీ తెలుసు. దాని పేరు క్వీనీ. లూషస్ దాన్ని పిల్లగా ఉన్నప్పుడు సీసాతో పాలు పట్టి పెంచాడు. కౌంటీలో దానంత చక్కగా చాలు తీసే జంతువు లేదు. ఏసా క్రెన్షా దాన్ని అమ్మమన్నాడు, లూషస్ అమ్మనన్నాడు. మరుసటి వారం అది ఏసాదేనని, లూషస్ దొంగిలించాడని ఫిర్యాదు పడింది. ఆ రోజుల్లో అలాంటి ఫిర్యాదు పడ్డ నల్లజాతి మనిషి కోర్టుదాకా నడిచి వెళ్తే, కోర్టునుంచి నడిచి రావడం అనేది ఉండేది కాదు. లూషస్ క్వీనీ మీదే పక్క కౌంటీ రైలు స్టేషన్‌కి వెళ్లి, దాన్ని అక్కడ కంచెకి కట్టేసి, డెట్రాయిట్ రైలెక్కేశాడు. క్వీనీ తాడు తెంపుకుని పద్దెనిమిది మైళ్లు నడిచి తిరిగొచ్చింది. వచ్చి ఆగింది లూషస్ గుమ్మం ముందు. క్రెన్షా మనుషులు దాన్ని మూడుసార్లు తోలుకెళ్లారు, మూడుసార్లూ అది వెనక్కొచ్చి ఆ గుమ్మం ముందే నిలబడింది. చిన్నపిల్ల ఓరా లీ దాని మెడ పట్టుకుని ఏడ్చేది. ఎవరి జంతువో దానికంటే బాగా ఎవరు చెప్పగలరు? కాని కోర్టులో దాని సాక్ష్యం తీసుకోలేదు.

లూషస్ డెట్రాయిట్‌లో పేరు మార్చుకుని లూయిస్ ఎమన్స్‌గా కార్ల ఫ్యాక్టరీలో పనిచేశాడు. కూతురికి చర్చి పాస్టర్ పేరు మీద ఉత్తరాలు రాసేవాడు. మళ్లీ ఈ నేల మీద అడుగుపెట్టకుండానే 1958లో పోయాడు. ఓరా లీ రైల్లో వెళ్లి, దగ్గరుండి పాతిపెట్టించి వచ్చింది.

1998 ఫిబ్రవరిలో వెర్లీన్ ధైర్యం చేసి జడ్జి వార్నర్ లాంగ్‌డన్ గదిలోకి వెళ్లింది. ఆయన చీజ్ సాండ్‌విచ్ తింటున్నాడు. మర్యాదస్థుడు, ఆమెను చూసి తింటున్నవాడు లేచి నిలబడ్డాడు. మాటంతా విని కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"నాకూ బాధగానే ఉందండీ వెర్లీన్ గారూ. కాని మీరు తెచ్చిన మరణపత్రం ఎమన్స్ అనే ఆయనది. చట్టానికి ఎమన్స్ ఎవరో తెలీదు. ఎంబ్రీ పోయినట్టు కాగితం లేదు."

"ఆయనకి ఇప్పుడు నూటొక్క ఏళ్లుండాలండీ."

"మా పెద్దత్త నూటమూడేళ్లు బతికింది. వయసు చూసి పోయాడని ఎలా రాయను చెప్పండి?"

"మరి ఇది ఎప్పటికి ఆగుతుందండీ?"

జడ్జి పాత ఉత్తర్వు తెప్పించి వేలు పెట్టి చదివాడు. "హాజరై పలికేవరకు, అని ఉంది. పలికాడా, ఆ క్షణం నుంచి ఇది మామూలు కేసు. ఫిర్యాదిని పిలుస్తాం. ఫిర్యాది మూడు పిలుపులకీ పలక్కపోతే కొట్టేస్తాం. ఎవరికైనా అదే రూలు." ఓదార్పుగా నవ్వాడు. "మీ తాతగారు వచ్చి ఒక్క మాట పలికితే చాలండీ, అయిపోతుంది."

వెర్లీన్ ఇంటికెళ్లి తల్లికి ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పింది. ఓరా లీ ఒళ్లోని చిక్కుడుకాయల గిన్నె పక్కన పెట్టింది.

"అయితే రమ్మందాం."

"ఎవర్నమ్మా?"

"నాన్నని."

వెర్లీన్ తల్లి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

"చెయ్యి తియ్, నా బుర్ర బాగానే ఉంది. మనిషి వచ్చి పలకాలన్నాడు కదా నీ జడ్జి. వస్తాడు. రానిచ్చుంటే అప్పుడే వచ్చేవాడు."

మార్చిలో వెర్లీన్ ఎప్పటిలాగే పిలిచింది. అది నూట ముప్పైనాలుగో సెషన్. ఏప్రిల్‌నుంచి మాసిడోనియా చర్చి ఆడవాళ్లు ప్రతి శనివారం చేపలు వేయించి అమ్మారు. ఎందుకని అడిగినవాళ్లకి, ప్రయాణపు ఖర్చులకి అని చెప్పారు. టల్లీ క్రెన్షా వారం తప్పకుండా రెండు పొట్లాలు కొనేవాడు. డెట్రాయిట్ శ్మశానవాటికకు రాయాల్సిన ఉత్తరాలు ఓరా లీ స్వయంగా రాసింది. శవాల బండి యజమాని క్లియోఫస్ పర్డీ డెట్రాయిట్ వెళ్లిరావడానికి ఒప్పుకున్నాడు. ఆయన ముప్పై ఏళ్లుగా మనుషుల్ని చర్చికి చేరుస్తున్నాడు గాని, కోర్టుకి చేర్చడం అదే మొదలు. ఏ సూటు వేసుకోవాలో తేల్చుకోలేక చివరికి పెళ్లిళ్లకి వేసుకునే బూడిదరంగుది ఇస్త్రీ చేయించాడు.

వెర్లీన్ తన వంతు పని కాగితం మీద చేసింది. ముద్దాయిని బయటినుంచి కోర్టుకి రప్పించాలంటే ఒక ఫారం ఉంటుంది. ముద్దాయి పేరు: లూషస్ ఎంబ్రీ. ప్రస్తుతం ఉన్న చోటు: డెట్రాయిట్. తెచ్చే సాధనం: మోటారు బండి. సంకెళ్లు అవసరమా: అక్కర్లేదు. పారిపోయే అవకాశం: లేదు. ఒక్క అబద్ధం రాయలేదు. ఆగస్టులో మరో నలభై ఫారాలతో కలిపి జడ్జి ముందు పెడితే ఆయన అన్నిటి మీదా సంతకం చేసేశాడు.

సెప్టెంబరు రెండో సోమవారం. చదరం నిండా జనం. గడ్డిటోపీ పెట్టిన కంచరగాడిద రాతిపలక దగ్గర నిలబడి తోక ఊపుతోంది. తొమ్మిదిన్నరకి పర్డీ గారి నల్లబండి మెల్లగా వచ్చింది. పసుపు చొక్కా వేసుకున్న పండుగ కార్యకర్త ఒకడు చెయ్యి అడ్డుపెట్టి ఆపాడు.

"మీది పద్నాలుగో నంబరండీ. ఫైరింజను వెనక నిలబెట్టండి."

"మేం ఊరేగింపుకి రాలేదు బాబూ. మాకు కోర్టు పనుంది," అన్నాడు పర్డీ.

బండి కిటికీకి సరిగ్గా కింద ఆగింది. వెనక తలుపు తెరిచారు. ఓరా లీ దిగి, చర్చికి కట్టుకునే తెల్లబట్టల్లో, లోపలున్న శవపెట్టె మీద ఒక చెయ్యి వేసి నిలబడింది. జనంలో కొందరు అదికూడా ఏదో వేషమనుకుని ఫొటోలు తీశారు.

పదింటికి వెర్లీన్ కిటికీ ఎత్తింది.  కిందికి చూడకుండా పిలిచింది.

"లూషస్ ఎంబ్రీ!"

మర్యాదగా.

"లూషస్ ఎంబ్రీ!"

గుర్తుచేసినట్టు.

మూడోసారి హోయ్ట్ నేర్పినట్టు పిలవలేకపోయింది. అన్నం చల్లారిపోతోంది రా తాతా అన్నట్టు పిలిచింది.

"లూషస్ ఎంబ్రీ!"

"హాజరండీ!" అంది కిందనుంచి ఓరా లీ. డెబ్బైనాలుగేళ్ల మనిషి గొంతు ఒక్క పిసరు వణకలేదు. "లూషస్ ఎంబ్రీ హాజరండీ. ఇదిగో, ఇక్కడే ఉన్నాడు."

చదరంలో వేరుశనగకాయల గంగాళం బుడబుడలాడటం పైదాకా వినబడింది. వెర్లీన్ లోపలికి తిరిగింది.

"అయ్యా, ముద్దాయి హాజరయ్యాడండీ."

జడ్జి కలం ఆపాడు. "ఎవరు?"

"లూషస్ ఎంబ్రీ అండీ. తీసుకురమ్మని మీరు సంతకం పెట్టిన ఫారం ఇదిగో."

జడ్జి ఫారం చదివాడు. సంతకం తనదే. లేచి కిటికీ దగ్గరికి వచ్చి కిందికి చూశాడు.  ప్రభుత్వ వకీలు, కుర్రాడు, లేచి "అభ్యంతరం!" అన్నాడు. "దేని మీద?" అన్నాడు జడ్జి. కుర్రాడు ఆలోచించి కూర్చున్నాడు.

"ఓరా లీ గారూ," అని జడ్జి కిటికీలోంచి అడిగాడు, "ఆ పెట్టెలో ఉన్నది మీ నాన్నగారేనని ప్రమాణం చేసి చెప్పగలరా?"

"మూత దగ్గరుండి వేయించింది నేనేనండీ. మీ నాన్నని మీరు గుర్తుపట్టరా ఏం?"

చెట్టు కింద పావులాడుకునే గళ్లబల్ల దగ్గర కూర్చున్న హోయ్ట్ సైజ్‌మోర్ కష్టం మీద లేచి నిలబడ్డాడు. "ఆవిడ చెప్పిందంటే అంతేనండీ జడ్జిగారూ," అన్నాడు. ఆర్డిస్‌లో ఒకరు ఎవరన్నదానికి అంతకుమించిన రుజువు ఎప్పుడూ అడిగింది లేదు.

జడ్జి బల్ల దగ్గరికి వెళ్లిపోవచ్చు, ఫారం చింపేయవచ్చు. కాని అది కాగితం, దాని మీద సంతకం ఉంది, ఆయన ఆర్డిస్‌లో పుట్టినవాడు. ఆ పదకొండుమందిలో ఒకరు ఆయన ముత్తాత. ఆయన కిటికీ పక్కనే నిలబడి, "ఫిర్యాదిని పిలవండి వెర్లీన్ గారూ," అన్నాడు.

అరవై ఏడేళ్లుగా ఆ కిటికీలోంచి ఆ పేరు ఎవరూ పిలవలేదు.

"ఏసా క్రెన్షా!"

మర్యాదగా పిలిచింది. జనమంతా టల్లీ వైపు తిరిగారు. కాయల పొట్లం చేతిలో పట్టుకుని రాతిపలక దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఏసా క్రెన్షా!"

గుర్తుచేసినట్టు. టల్లీ నోరు కొంచెం తెరుచుకుంది. పలుకుదామంటే అతను ఏసా కాడు, తనకేం పట్టదని వెళ్లిపోదామంటే క్రెన్షా. ఉప్పునీళ్లు పొట్లంలోంచి అతని బూటు మీద కారుతున్నాయి.

మూడోసారి వెర్లీన్ కడుపులోంచి లాగింది. తల్లి కిటికీలు మూసుకున్న ఉదయాలన్నీ ఆ పిలుపులో పెట్టింది.

"ఏసా క్రెన్షా!"

ఎవరూ పలకలేదు. టల్లీ టోపీ తీశాడు. ఎండకి చెమట పట్టి తీశానని తర్వాత చెప్పుకున్నాడు.

"ఫిర్యాది హాజరు కానందున కేసు కొట్టేస్తున్నాం," అన్నాడు జడ్జి. ఆపైన, ఏ కేసులోనైనా అనే మాటే అన్నాడు, కాని దాన్ని కిందికి వంగి ఓరా లీకి చెప్పాడు. "ముద్దాయి ఇంటికి వెళ్లవచ్చు."

ఓరా లీ పెట్టె మీద చేత్తో నెమ్మదిగా తట్టింది. "విన్నావా నాన్నా? ఇంటికి వెళ్లమన్నారు. పద."

వెర్లీన్ కిటికీ దించి, గడియ పెట్టి, కోర్టు బట్టల్లోనే గోడకి ఆనుకుని ఏడ్చింది. జడ్జి తర్వాతి కేసు పిలవడానికి ఆమెను తొందరపెట్టలేదు. ఆ మధ్యాహ్నం లూషస్‌ని మాసిడోనియా చర్చి వెనక, సొంత పేరు చెక్కిన రాయి కింద పెట్టారు.

అక్టోబరులో పండుగ కమిటీ సమావేశమైంది. మూడువందల టీషర్టులు మిగిలిపోయాయి. ఇక పిలుపు లేకుండా పండుగ ఎలా అని చర్చ వచ్చింది. మందుల షాపాయన, పోనీ ఇక నుంచి ఏసా క్రెన్షాని పిలిస్తే ఎలా ఉంటుంది, అతనూ హాజరు కాలేదుగా అన్నాడు. ఆయన నిజంగా సాయపడదామనే అన్నాడు. టల్లీ క్రెన్షా ముఖం ఎర్రబడింది.

"మా తాత పేరు జనం నవ్వుకోడానికి వీధిలో పిలుస్తారా? మా అమ్మ ఇంకా బతికుంది. ఆవిడ విని ఏమనుకుంటుంది?"

 అందరూ కాఫీ కప్పుల్లోకి చూసుకున్నారు. టల్లీ కూడా, తనేం మాట్లాడాడో తనకే వినబడ్డట్టు, మెల్లగా కూర్చున్నాడు. తీర్మానాల పుస్తకంలో 'చర్చ జరిగింది' అని మాత్రమే రాశారు. అది ఇప్పటికీ ఉంది.

మార్చి రెండో సోమవారం చలిగాలి కొట్టింది. ఓరా లీ పొద్దున్నే లేచి ఇంటి కిటికీలన్నీ తెరిచింది. కొన్ని ఏళ్లతరబడి బిగుసుకుపోయి ఉంటే పిండి వత్తే కర్రతో కొట్టి లేపింది. ఉన్ని శాలువా కప్పుకుని, వంటింటి కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. కోర్టు గడియారం పది కొట్టింది. గాలి ఇటువైపే వీస్తోంది. పావుగంట దాకా చెవి రిక్కించి విన్నది. ఎవరూ పిలవలేదు.